ఫొటో కదిలిపోయింది



విజయవాడ పున్నమ్మతోటలోని ఆకాశవాణి కేంద్రం నుంచి బందరు రోడ్డు పట్టుకుని తూర్పుగా పోతే బెంజ్ సర్కిల్ వస్తుంది. చెన్నై నుంచి కోల్‌కతా పోయే 16వ నంబరు జాతీయ రహదారి, హైదరాబాదు మీదుగా మచిలీపట్నం చేరే 65వ నంబరు రహదారి అక్కడే ఒకదాన్నొకటి దాటతాయి. 2020లో ఒక ఫ్లైఓవరు, 2021లో దాని పక్కనే రెండోది వచ్చాక లారీలు పైకెక్కాయి. కింద సాయంత్రం ఆరింటికి సిగ్నల్ దగ్గర ఆగినవాళ్ల తొందర మాత్రం ఎప్పటిలాగే ఉంది. ఒక కాలు నేల మీద, ఒక కన్ను ఎర్రలైటు మీద.

అలా ఆగిన స్కూటీల్లో ఒకదాని మీదున్న ఒక అమ్మ సంగతి ఇది. పేరుతో పనిలేదు. ఇలాంటి అమ్మ మీ వీధిలో ఉంటుంది, బహుశా మీ ఇంట్లోనే ఉంటుంది. పటమటలో కాపురం. ఆటోనగర్‌లో లారీ స్పేర్ పార్టుల షాపులో లెక్కలు చూసే ఉద్యోగం. ఎనిమిదేళ్ల కూతురు, మూడేళ్లు నిండని కొడుకు. భర్త మెడికల్ రెప్పు, వారంలో నాలుగు రోజులు గుడివాడ, మచిలీపట్నం, అవనిగడ్డ అంటూ ఊళ్ల మీదే. ఆమె పాత ఫోన్ను కొడుకు పప్పుచారు గిన్నెలో వేశాడు. తీసి, తుడిచి, బియ్యం డబ్బాలో రెండు రోజులు పూడ్చిపెట్టినా లేవలేదు. కొత్తది కొనక తప్పలేదు.

కొనడానికి ఆమెకు దొరికింది నలభై నిమిషాలు. కూతుర్ని డాన్సు క్లాసు దగ్గర దింపి, మళ్లీ ఎక్కించుకునే లోపు. బెంజ్ సర్కిల్ దగ్గర ఒక సెల్ షాపులోకి వెళ్లింది. "చెప్పండి మేడమ్, కెమెరాకేనా?" అన్నాడు కౌంటరు కుర్రాడు. పిల్లలున్న ఆడవాళ్లు దేనికోసం వస్తారో వాడికి ముఖం చూస్తేనే తెలిసిపోతుంది. ఒక ఫోను తీసి గోడమీది పోస్టరులో నవ్వుతున్న సినిమా నటి వైపు గురిపెట్టి నొక్కాడు. రెండు వేళ్లతో పెద్దది చేసి చూపించాడు. కనురెప్పల వెంట్రుకలు లెక్కపెట్టుకోవచ్చు. "రెండొందల మెగాపిక్సెల్ మేడమ్. మీ బడ్జెట్‌లో ఇది మామూలు ఫోను కాదు."

ఫొటో నిజంగానే బాగుంది. కాకపోతే పోస్టరు కదల్లేదు, కొట్లో దీపాలు పెళ్లి పందిరిలా వెలుగుతున్నాయి. అలాంటిచోట ఏ ఫోనైనా మంచి ఫొటోనే తీస్తుంది. ఆ సంగతి వాడు చెప్పలేదు. ఆమె అడగాల్సిందని తర్వాత అనుకుంది.

వాడు చూపించినది కాక, దాని పక్కన ఉన్న 24,999 రూపాయల ఫోను తీసుకుంది. వెనక యాభై మెగాపిక్సెళ్ల కెమెరా ఒకటి, వెడల్పుగా చూసేది ఇంకొకటి, ఎందుకుందో ఎవరికీ తెలియని రెండు మెగాపిక్సెళ్ల మూడోది. లెక్కల మనిషి కదా, బిల్లులో ముందు చూసింది పన్ను. మొబైళ్ల మీద జీఎస్‌టీ 2020 ఏప్రిల్ దాకా 12 శాతం ఉండేది, అప్పట్నుంచి 18. అంటే ఆ పాతికవేలలో 3,800 పైచిలుకు సర్కారుకే. పౌచ్, స్క్రీన్ గార్డ్ అదనం.

ఈ ధర ఫోన్లను చిన్నచూపు చూడాల్సిన పనిలేదు. పైతరగతి ఫోన్లలో పుట్టిన వస్తువులు నాలుగైదేళ్లకు ఈ మెట్టు మీదికి దిగివస్తాయి. దూరాన్ని దగ్గర చేసే పెరిస్కోపు లెన్సునే తీసుకోండి. 2019లో హువావే పీ30 ప్రోలో అది వచ్చినప్పుడు మన దేశంలో ఆ ఫోను ధర డెబ్బై వేలు దాటింది. 2024 జనవరిలో రియల్‌మీ 12 ప్రో ప్లస్ అదే రకం లెన్సుతో 29,999 దగ్గర మొదలైంది. అదే ఏడు మార్చిలో నథింగ్ ఫోన్ 2ఏ రెండు యాభై మెగాపిక్సెళ్ల కెమెరాలతో 23,999కి వచ్చింది. తయారీ కూడా మన గడప తొక్కింది. షావోమీ మన దేశంలో మొదటిసారి ఫోను తయారు చేయించింది 2015లో, నెల్లూరు అవతల శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ కర్మాగారంలో. వస్తువు మంచిదే. అది చేయగల పని వేరు, కొట్లో చూపించే పని వేరు. తల్లిదండ్రులు చిక్కుకునేది ఆ మధ్యలో.

ఆ రాత్రి ఎనిమిదిన్నరకు ఇంట్లో మొదటి ఫొటో. హాల్లో ఒక ట్యూబులైటు. పిల్లాడు నానమ్మ కళ్లజోడు పెట్టుకుని సోఫా మీంచి దివాను మీదికి దూకుతున్నాడు. ఆమె నొక్కింది. వచ్చిన ఫొటోలో గోడ గడియారం ఎనిమిది ముప్పయ్యొకటి అని స్పష్టంగా ఉంది. పక్కన కేలండరులో తిథి, నక్షత్రం చదువుకోవచ్చు. పిల్లాడున్నచోట మాత్రం నీలం చొక్కా రంగులో ఒక పొగ, పొగ చివర రెండు కళ్లజోళ్లు.

"ఫొటో కదిలిపోయిందే అమ్మాయ్," అంది అత్తగారు.

ఆ మాట పాత స్టూడియోల నాటిది. అప్పట్లో ఫొటో కదిలిపోతే తప్పు మనది. కుర్చీలో బిర్రబిగుసుకుని కూర్చోవాలి, రెప్ప వేయకూడదు. ఆమె చిన్నప్పటి ఫొటోలన్నీ కలిపి ఒక పలచటి ఆల్బములో పడతాయి. వాళ్ల నాన్న దగ్గర ఆగ్ఫా క్లిక్-త్రీ ఉండేది. రోలుకు పన్నెండు ఫొటోలు. పన్నెండే కదా అని పిల్లల్ని ఎండలో నిలబెట్టి, కదిలితే వీపు మీద ఒకటి వేసి మరీ తీసేవాడు. అందుకే అందులో అందరూ కళ్లు చికిలించుకుని, పోలీసు స్టేషన్లో తీసినట్టుంటారు. కానీ ఒక్కటీ కదల్లేదు. ఎండ చేసిన మేలు అది.

కెమెరా బతుకంతా వెలుతురు మీద ఆధారపడింది. మిట్టమధ్యాహ్నపు ఎండ దాదాపు లక్ష లక్సులు. రాత్రి మన హాల్లో ట్యూబులైటు ఇచ్చేది నూరో నూటయాభయ్యో. ఇంచుమించు వెయ్యో వంతు. మనకు ఆ తేడా అంతగా తెలియదు. కంటిపాప పెద్దదవుతుంది, మిగతాది మెదడు సర్దుకుంటుంది. ఫోనులో వెలుతురు పట్టే పలక చిటికెన వేలి గోరంత ఉంటుంది. ఎండలో అది సెకనులో వెయ్యో వంతు తెరుచుకుంటే చాలు. ట్యూబులైటు కింద బొమ్మ కనబడేలా రావాలంటే సెకనులో ముప్పయ్యో వంతు దాకా తెరుచుకుని ఉండాలి. చెవికి రెండూ ఒక్కలాంటి చిటికెలే. పిల్లాడి చెయ్యి సెకనుకు ఒక మీటరు వేగంతో ఊగిందనుకోండి, నిజానికి ఇంకా జోరుగానే ఊగుతుంది. ముప్పయ్యో వంతులో ఆ చెయ్యి మూడు సెంటీమీటర్లకు పైగా జరుగుతుంది. ఫొటోలో ఒక చెయ్యి ఉండాల్సినచోట మూడు సెంటీమీటర్ల మసక పడుతుంది. అదే అయిదువందలో వంతయితే జరిగేది రెండు మిల్లీమీటర్లు, వేళ్లు వేళ్లుగానే కనిపిస్తాయి.

"మరి ఇందులో ఓఐఎస్ ఉందన్నాడే!" అని ఆమె మర్నాడు తమ్ముడికి ఫోన్ చేసింది. ఉంది. అది పనిచేస్తోంది కూడా. గోడ గడియారం అంత తేటగా రావడానికి కారణం అదే. తీసేవాళ్ల చెయ్యి వణికితే ఆ వణుకును లెన్సు తనలో తాను సర్దుకుంటుంది. ఎదురుగా ఉన్న పిల్లాడు దూకితే అది చేయగలిగింది ఏమీ లేదు. బాక్సు మీద పెద్దక్షరాలతో రాసే ఈ ఒక్క మాటను చాలామంది అపార్థం చేసుకుంటారు. నైట్ మోడ్ సంగతీ అంతే. సెకను, రెండు సెకన్లు వరసగా చాలా ఫొటోలు తీసి ఒకదాని మీద ఒకటి పేర్చి ఒకే ఫొటో చేస్తుంది. నిద్రపోయిన పిల్లలు అందులో దేవతల్లా వస్తారు. మేలుకున్నవాళ్లకు అది పనికిరాదు.

అసలీ కెమెరా ఫోను అనేదే ఒక తండ్రి తొందరలోంచి పుట్టింది. 1997 జూన్ 11. అమెరికాలో కాలిఫోర్నియాలోని శాంటా క్రూజ్‌లో ఒక ప్రసూతి ఆసుపత్రి. ఫిలిప్ కాన్ అనే ఆయన భార్య కాన్పు కోసం ఎదురుచూస్తున్నాడు. బోర్లాండ్ అనే పేరున్న సాఫ్ట్‌వేర్ కంపెనీ పెట్టిన మనిషి, ఊరికే కూర్చోలేడు. క్యాసియో డిజిటల్ కెమెరా, మోటరోలా స్టార్‌టాక్ ఫోను, ఒక లాప్‌టాప్, ఈ మూడింటినీ తీగలతో కలిపి, అప్పటికప్పుడు ప్రోగ్రాం రాసి, కూతురు సోఫీ పుట్టగానే ఫొటో తీశాడు. రెండు వేలమందికి పైగా బంధుమిత్రులకు నిమిషాల్లో పంపించాడు. సెల్‌ఫోను ద్వారా అలా చేతులు మారిన మొదటి ఫొటో అదేనంటారు. మూడేళ్ల తర్వాత 2000లో జపానులో షార్ప్ కంపెనీ జె-ఎస్‌హెచ్04 అనే ఫోను అమ్మింది. అందులో కెమెరాకు లక్షా పదివేల బిందువులు. ఇప్పటి లెక్కలో 0.11 మెగాపిక్సెల్. కాన్ గారికి ఒక అదృష్టం కలిసొచ్చింది. పుట్టి గంట కూడా కాని పిల్లలు సోఫాల మీంచి దూకరు.

మన అమ్మకు అసలు పరీక్ష నవంబరులో వచ్చింది. కూతురి డాన్సు స్కూలు వార్షికోత్సవం, తుమ్మలపల్లి క్షేత్రయ్య కళాక్షేత్రంలో. పిల్ల కూచిపూడిలో రెండో ఏడాది. ఎనిమిది మంది పిల్లలు కలిసి వినాయకుడి మీద ఒక అంశం చేస్తారు, ఆరు నిమిషాలు. ఆ ఆరు నిమిషాల కోసం ఆమె ఆటోనగర్‌లో సగం రోజు సెలవు పెట్టింది, నలుగురిని బతిమాలి జడకుచ్చులు తెచ్చింది, మధ్యాహ్నం నుంచి పిల్లకు ఇడ్లీ తప్ప ఏమీ పెట్టలేదు. ఏడో వరసలో సీటు దొరికింది. ముందున్న ఆరు వరసల్లోనూ చేతులు, చేతుల్లో ఫోన్లు. వెనక నుంచి చూస్తే స్టేజీ మీద ఒక కార్యక్రమం, దాని కింద చిన్న తెరల మీద అరవై కార్యక్రమాలు.

మొదటి మూడు ఫొటోల్లో పిల్ల ముఖం తెల్లటి పిండిముద్ద. కారణం ఏమిటంటే, తెర నిండా హాలు చీకటే ఉంది. ఫోను మొత్తం బొమ్మను చూసి, అబ్బో బాగా చీకటిగా ఉందనుకుని వెలుతురు పెంచేస్తుంది. స్టేజీ లైటు కింద ఉన్న ముఖం కాస్తా మాడిపోతుంది. దీనికి మందు ఉంది, అదీ చాలా ఫోన్లలో ఉంది. తెర మీద పిల్ల ముఖాన్ని వేలితో తాకితే పక్కన చిన్న సూర్యుడి గుర్తు వస్తుంది. దాన్ని కిందికి లాగాలి. ముఖం తేటపడుతుంది. దానితోపాటు మామూలుగా షట్టరు తెరుచుకునే సమయమూ తగ్గుతుంది కనుక, కదలిక మసకా కొంత తగ్గుతుంది. ఈ సంగతి ఆమెకు చెప్పింది సెల్ షాపువాడు కాదు, పక్క సీటులో మనవరాలి కోసం వచ్చిన ఒక రిటైర్డు మాస్టారు. "అమ్మా, ఆ సూర్యుణ్ణి కొంచెం దించండి," అన్నాడాయన.

జూమ్ గురించి కూడా ఒక మాట. యాభై మెగాపిక్సెళ్ల పలక మధ్యలోంచి ముక్క కోసుకుని రెండింతల దాకా దగ్గరికి తెచ్చుకోవచ్చు, పెద్ద నష్టం ఉండదు. విడిగా దూరపు లెన్సు లేని ఫోనులో పదింతలు అంటే ఉన్న కొద్ది బిందువుల్నే సాగదీయడం. అలా తీస్తే పిల్ల నుదుటి పాపిటబిళ్ల, జడలో కనకాంబరాలు కలిసిపోయి ఒకే ఎర్రటి మరక అవుతాయి.

మంచి ఫొటో చివరికి ఎలా వచ్చిందంటే, ఫోను గొప్పతనం వల్ల కాదు. పిల్ల మూడు నెలలుగా ఇంట్లో అదే అంశం సాధన చేస్తోంది. ఆ సొల్లుకట్టు వంటింట్లో చపాతీలు ఒత్తుతూ విని విని అమ్మకు నోటికి వచ్చేసింది. జతి చివర తీర్మానం పడగానే డాన్సు చేసేవాళ్లు ఒక్క లిప్తపాటు నిలుస్తారు. చూపు, చెయ్యి, మండి అన్నీ ఒకచోట ఆగుతాయి. నట్టువాంగం తాళాల మీద ఆఖరి "తోం" పడుతుందని ఆమెకు ముందే తెలుసు. దానికి కొంచెం ముందుగానే, తెర మీద గుండ్రటి బొత్తాము వెతుక్కోకుండా, ఫోను పక్కనున్న సౌండు బటన్ నొక్కింది. పిల్ల ఆగింది. కుడిచేతి వేళ్లు అయిదూ అయిదుగా వచ్చాయి. కూచిపూడి ఫొటోలు ఇలా తాళం విని తీయాలి. తర్వాత పెద్దపిల్ల ఒకమ్మాయి ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి తరంగం చేసింది. ఆ ఫొటోలో ముఖం స్ఫుటంగా ఉంది, పళ్లెం చుట్టూ కాళ్ల దగ్గర మాత్రం కదలిక మసక. అక్కడ మసకే బాగుంది.

అత్తగారు ఫోను బయటికి తీయలేదు. ఇంటికి వస్తూ ఆటోలో, "మూడో జతిలో మన పిల్ల గజ్జె ఊడింది, అయినా ఆగలేదు, చూశావా?" అంది. అమ్మ చూడలేదు. ఆ సమయంలో ఆమె సూర్యుణ్ణి దించుతోంది. అమెరికాలో ఫెయిర్‌ఫీల్డ్ విశ్వవిద్యాలయంలో లిండా హెంకెల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీని మీదే ఒక ప్రయోగం చేసింది. విద్యార్థుల్ని మ్యూజియంలో తిప్పి, కొన్ని వస్తువుల్ని ఊరికే చూడమంది, కొన్నింటిని ఫొటో తీయమంది. మర్నాడు అడిగితే, ఫొటో తీసిన వస్తువులే తక్కువ గుర్తున్నాయి. కెమెరా చూసుకుంటుందిలే అని మనసు సెలవు తీసుకుంటుందన్నమాట. అదే ప్రయోగంలో ఇంకో విచిత్రం కూడా తేలింది. వస్తువులో ఒక భాగాన్ని ఎంచుకుని, దగ్గరికి జూమ్ చేసి తీసినవాళ్లకు జ్ఞాపకం అలా చెడలేదు. ఏది తీయాలో ఎంచుకున్నారు కనుక చూడాల్సి వచ్చింది. అమ్మకు గజ్జె గుర్తులేదు గానీ, ఆ "తోం" దగ్గర పిల్ల కళ్లు ఎటు తిరిగాయో బాగా గుర్తుంది.

ఫొటోలు కుటుంబం గ్రూపులోకి వెళ్లాయి. అవనిగడ్డ నుంచి అమ్మమ్మ వెంటనే ఫోన్ చేసింది. డాన్సు గురించి కాదు. "పిల్లేంటే అలా పాలిపోయింది? జ్వరమేమన్నా వచ్చిందా?"

పిల్ల చామనఛాయ. ఫొటోలో మాత్రం సున్నం కొట్టినట్టుంది. ఫోనులో బ్యూటీ అనే మీట ఎవరూ అడక్కుండానే తెరిచి ఉంది. చర్మం నున్నగా చేయడం, రంగు తేల్చడం, గడ్డం సన్నగా చెక్కడం దాని పని. ఎనిమిదేళ్ల పిల్లకు గడ్డం చెక్కడం ఏమిటి? ఈ జబ్బు ఇవాళ్టిది కాదు. ఫిల్ము కాలంలో కొడాక్ వాళ్లు ల్యాబుల్లో రంగులు సరిచూసుకోవడానికి ఒక తెల్లజాతి స్త్రీ ఫొటో ఉన్న కార్డు పంపేవారు. షర్లీ కార్డు అని దాని పేరు. ఆమె చర్మం సరిగా వస్తే రంగులు సరిగా ఉన్నట్టు లెక్క. మిగతా ప్రపంచం చర్మం ఎలా వచ్చినా సరే. గూగుల్ 2021లో పిక్సెల్ 6తో పాటు రియల్ టోన్ అని, అన్ని రంగుల చర్మాలూ ఉన్నవి ఉన్నట్టు రావాలని ఒక ఏర్పాటు తెచ్చింది. అది రావడానికి ఇన్నేళ్లు పట్టడమే సిగ్గుచేటు. అమ్మ సెట్టింగుల్లోకి వెళ్లి ఆ మీట సున్నాకు తెచ్చింది. అమ్మమ్మకు కళ్లలో శుక్లాలు ఉన్నాయి. అయినా ఆ కెమెరా చేసిన తప్పు ఆవిడే పట్టుకుంది.

ఇంతకీ ఆ మెగాపిక్సెళ్ల మాట. యాభై మెగాపిక్సెళ్ల కెమెరా మామూలుగా పక్కపక్కనున్న నాలుగు బిందువుల్ని ఒకటిగా కలుపుతుంది. అంటే ఫొటో పన్నెండున్నర మెగాపిక్సెళ్లు. రెండొందలది పదహారింటిని ఒకటి చేస్తుంది. లెక్కవేయండి, మళ్లీ పన్నెండున్నరే. వెలుతురు తక్కువైనప్పుడు అది తెలివైన పనే. నాలుగంగుళాలు ఆరంగుళాల ప్రింటు బాగా రావడానికి రెండు మెగాపిక్సెళ్ల పైన కొంచెం చాలు. ఇక వాట్సాప్‌లో పంపితే అది ఫొటోను కుదించి పంపుతుంది. 2023లో హెచ్‌డీ అనే మీట వచ్చింది గానీ, తొందరలో దాన్ని నొక్కేవాళ్లు ఎందరు? రెండొందల మెగాపిక్సెళ్ల గొప్ప అంతా గ్రూపు చేరేసరికి గుప్పెడు మిగులుతుంది.

లెక్క తెలిస్తే ఇందులో లాభమూ ఉంది. 4కే వీడియోలో ఒక్కో ఫ్రేము ఎనిమిది మెగాపిక్సెళ్లకు పైనే. కుదురుగా ఉండని పిల్లాణ్ణి పగటిపూట వరండాలో ఇరవై సెకన్లు వీడియో తీసి, అందులోంచి మంచి ఫ్రేము ఒకటి ఏరుకుంటే ప్రింటుకు భేషుగ్గా సరిపోతుంది. సోఫా మీంచి దూకే బొమ్మ ఆమెకు చివరికి అలాగే దొరికింది. ఆదివారం ఉదయం తొమ్మిదికి, తూర్పు కిటికీ తెర తీసి. పిల్లాడు గాల్లో ఉన్నాడు. కళ్లజోడు ముక్కు మీంచి జారి, ముఖానికి జానెడు దూరంలో అదీ గాల్లోనే ఉంది. ఆ తర్వాత అది ఏమైందో, అత్తగారికి కొత్త కళ్లజోడుకు ఎంతయిందో ఈ ప్రసంగానికి సంబంధించిన విషయం కాదు.

ఆమె ఫోనులో పిల్లల ఫొటోలు మాత్రమే ఉన్నాయనుకుంటే పొరపాటు. నిజానికి అది జెరాక్సు మిషను. కూతురి స్కూలు డైరీలో హోంవర్కు పేజీ, రానిరోజు నోట్సు కోసం ఇంకో పిల్ల పుస్తకం, మందు సీసా మీద ఎక్స్‌పైరీ తేదీ, ఆటోనగర్‌లో క్లచ్ ప్లేట్ల ఇన్వాయిసు, కరెంటు బిల్లు, ఆధార్ కార్డు ముందూ వెనకా. కళాక్షేత్రం ఫొటోకు అటు గ్యాస్ రసీదు, ఇటు లారీ రేడియేటరు. ఏడాది తిరిగేసరికి ఎనిమిది వేలు దాటాయి. గూగుల్ ఫొటోస్ ఒకప్పుడు ఎన్నయినా ఉచితంగా దాచేది. 2021 జూన్ 1 నుంచి ఆ దానం ఆగింది, ఈమెయిలుతో సహా పదిహేను జీబీ దాటితే డబ్బు కట్టాలి. ఆమె అందుకని ఒక పద్ధతి పెట్టుకుంది. కుక్కరు పెట్టాక మూడు కూతలు వచ్చేలోపు ఆ వారం ఫొటోల్లో పనికిరానివి కొట్టేయడం. హోంవర్కు పేజీలు ముందు పోతాయి.

మంచివి ఏడాదికి నలభై ప్రింట్లు వేయిస్తుంది. ప్రింటయితే భద్రమని కాదు. 2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగి సింగ్‌నగర్‌ను ముంచిన మర్నాడు ఇటు ప్రకాశం బ్యారేజీ నుంచి 11.43 లక్షల క్యూసెక్కులు పారి, 1957లో అది కట్టినప్పట్నుంచి ఎన్నడూ లేని వరదయింది. ఆమె అక్క ఇల్లు సింగ్‌నగర్‌లోనే. నీళ్లు తీసేశాక బీరువా అడుగున పెళ్లి ఆల్బము ఇటుకలా గట్టిపడి దొరికింది. ఫొటో కాగితం మీద పూత జెలటిన్. తడిస్తే ఉబ్బి, ఆరితే బంకలా అంటుకుపోతుంది. అలాంటివాటిని ఆరాక పీకకూడదు, చల్లటి మంచినీళ్లలో నానబెట్టి మెల్లగా విడదీస్తే కొన్నయినా దక్కుతాయి. అక్కకు అది తెలిసేసరికి సగం పీకేసింది. దక్కినవాటికి చెల్లెలు తన కొత్త ఫోనుతోనే నకళ్లు తీసి పంపింది. కదలని వస్తువులు, కిటికీ వెలుతురు. ఆ పనిలో ఫోను నూటికి నూరు మార్కులు తెచ్చుకుంది. ప్రింట్లు ఇంట్లో ఒక కట్ట, అవనిగడ్డలో ఒక కట్ట ఉండటం అప్పట్నుంచే.

స్టేటస్‌లో మాత్రం పిల్లల ఫొటోలు పెట్టదు. మొదట అత్తగారు దిష్టి అని వద్దంది. ఈమె నవ్వింది. తర్వాత తమ్ముడు చెప్పాడు, యూనిఫాం మీద బ్యాడ్జి చూస్తే బడి ఏదో తెలుస్తుంది, ఫొటో ఫైలును డాక్యుమెంటుగా పంపితే తీసిన చోటు వివరం కూడా దానితో పాటే పోతుంది అని. 2023లో వచ్చిన వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం పద్దెనిమిదేళ్ల లోపు వాళ్ల సమాచారం వాడుకోవడానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలంటోంది. అది కంపెనీలకు పెట్టిన షరతు. అందరికీ చూపించొద్దని ఇంట్లో చెప్పడానికి అత్తగారికి చట్టం అవసరం రాలేదు.

పండగ ఆఫర్లకు ఫోను కొనబోయేవాళ్లకు ఆమె మాటగా ఒక మనవి. పిల్లాణ్ణి వెంట తీసుకెళ్లండి. పోస్టరు ఫొటో చూడకండి. కొట్లో వెలుతురు తక్కువగా ఉన్న మూలకు వెళ్లి, మీ వాణ్ణి గెంతమని, పది ఫొటోలు తీసి, ముఖం తేటగా వచ్చినవి ఎన్నో లెక్కపెట్టండి. కౌంటరు కుర్రాడు విసుక్కుంటే విసుక్కోనివ్వండి. ఆమె ఫోనులో పదికి మూడు వచ్చాయి. అదే ధరలో తమ్ముడు ఇలా చూసి కొన్న ఫోనులో ఆరు వచ్చాయి. మెగాపిక్సెళ్లు రెండింటికీ యాభయ్యే.